ఆర్నెస్‌లో పదకొండు నిమిషాలు

కార్లు నిలిపే పొలంలో పసుపుపచ్చ కోటు తొడుక్కుని, చేతిలో ఎర్ర కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి హెడ్లీ థ్వెయిట్ అని డోరీన్ ఆకెరాయిడ్‌కి ఒక పట్టాన తోచలేదు. ఏళ్ళ తరబడి ఆవిడ ఆయన్ని చూసిందల్లా ఆర్నెస్ స్టేషను సిగ్నల్ కేబిన్ కిటికీలోనే, అదీ నడుం పైభాగమే. కాళ్ళతో సహా చూడటం ఇదే మొదలు. ఆ కాళ్ళు కూడా పెద్ద రబ్బరు బూట్లలో, చీలమండల దాకా బురదలో ఉన్నాయి.

"అటు కాదు వదినా, ఇటు తిప్పమంటున్నాడు," అంది పక్కసీట్లో ఐరీస్. ఆవిడ డోరీన్ మొగుడు క్లిఫర్డ్ చెల్లెలు. "ఆ గోతిలోకి దింపావంటే సాయంత్రం ట్రాక్టరు కట్టి లాగాలి మనల్ని."

డోరీన్ కారు అద్దం దించింది. హెడ్లీ వంగి చూశాడు. టోపీ అంచు నుంచి చినుకులు కారి ఆయన ముక్కు మీద పడుతున్నాయి.

"ఎవరూ, ఆకెరాయిడ్ వారమ్మాయా! రండి రండి. గాలా మూడు రోజులూ ఉంటారుగా? మీ ఆయనేరీ?"

డోరీన్‌కి డెబ్భై నాలుగేళ్ళు. ఎనభై దాటిన హెడ్లీకి ఆవిడ ఇంకా అమ్మాయే.

"ఫిబ్రవరిలో పోయారు, హెడ్లీ గారూ."

హెడ్లీ టోపీ తీశాడు. వాన సూటిగా బట్టతల మీద పడుతున్నా తుడుచుకోలేదు. "అయ్యో. పోయినేడు మా కిటికీకి చెయ్యి ఊపాడే. మనిషి చిక్కిపోయాడనుకున్నాను కానీ..." టోపీ పెట్టుకున్నాడు. "మంచి మనిషి."

"మీరేంటండీ ఈ బురదలో?" అని డోరీన్ అడిగింది.

"ప్రమోషనమ్మా. అక్కడ ఒక్క బండినే ఆపేవాణ్ణి. ఇక్కడ నాలుగొందలు ఆపుతున్నా."

ఐరీస్ పకపకా నవ్వింది. వెనకాల కారువాడు హారన్ కొట్టాడు. హెడ్లీ ఎర్ర కర్ర ఊపుతూ అటు పోబోయి, మళ్ళీ వంగి, చిన్నగా అన్నాడు: "జనం ఫిర్యాదు రాశారు లెండి. బండి ఆలస్యం చేస్తున్నానని. కమిటీ వాళ్ళు మాత్రం ఏం చేస్తారు."

డోరీన్ కారు నిలిపాక కూడా చాలాసేపు స్టీరింగు వదల్లేదు. పోయినేడు గాలా అయ్యాక అభిప్రాయాల కార్డు ఒకటి రాసి, స్టేషన్లో ఉన్న చెక్కడబ్బాలో వేసింది. పేరు రాయలేదు. రాయనక్కర్లేదని ఆ కార్డు మీదే అచ్చేసి ఉంది. ఆ సంగతి ఐరీస్‌కి చెప్పలేదు. క్లిఫర్డ్‌కీ చెప్పలేదు.

కెల్‌బెక్ స్టేషను ఇసకేస్తే రాలనట్టు ఉంది. మూతపడ్డ ఈ లైనుని సరదా కొద్దీ నడిపే కమిటీ వాళ్ళు ఏడాదికోసారి పెట్టే పాత ఆవిరిబండ్ల పండగే గాలా. ఎక్కడెక్కడి నుంచో అరువు తెచ్చిన ఇంజన్లు, వాటిని చూడటానికి అంతకంటే దూరాల నుంచి వచ్చిన జనం. మెడల్లో కెమెరాలు, చేతుల్లో పంది మాంసం వేయించి పెట్టిన రొట్టెలు, అందరి జుట్టులోనూ బొగ్గు నుసి. గేటు పక్కన కొత్త బోర్డు పెట్టారు: ఈ ఏడాది ప్రత్యేకం, ఆర్నెస్‌లో బండి ఆగకుండా టోకెన్ మార్పిడి, పూర్వం ఎలా చేసేవారో అచ్చం అలాగే.

వాళ్ళిద్దరూ ఇంజను వెనకే ఉన్న మొదటి పెట్టెలో ఎక్కారు. క్లిఫర్డ్ ఎప్పుడూ అక్కడే కూర్చునేవాడు. డోరీన్ సంచీలోంచి అల్లిక తీసింది. సూదులు చేతిలో ఉంటే గానీ ఆవిడ కుదురుగా కూర్చోలేదు.

"టోకెనంటే?" అంది ఐరీస్, ప్రోగ్రాం కాగితం తిరగేస్తూ. ఆవిడ రావడం ఇదే మొదటిసారి.

"పోయే బండికీ వచ్చే బండికీ ఒకటే పట్టా కదా. కెల్‌బెక్ నుంచి ఆర్నెస్ దాకా ఒక ముక్క. ఆర్నెస్ నుంచి హాలిన్‌హెడ్ దాకా ఇంకో ముక్క. ముక్కకో రకం టోకెన్. ఇత్తడిది, ఇంత పొడుగు తాళంచెవి అనుకో. దాని మీద ఆ ముక్క పేరు చెక్కి ఉంటుంది. అది చేతిలో ఉంటేనే డ్రైవరు ఆ ముక్కలో అడుగుపెట్టాలి. పని అయ్యాక దాన్ని కేబిన్‌లో ఉన్న మిషన్లో పెట్టేస్తారు; ముక్క ఆ చివరా అలాంటి మిషనే ఉంటుంది. అప్పుడు గానీ ఆ ముక్కకి ఇంకో టోకెన్ బయటికి రాదు, ఆ చివరైనా ఈ చివరైనా."

"పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తాళంచెవి ఇస్తారే, అలాగన్నమాట."

"అలాగే అనుకో. లోపల ఒకళ్ళుండగా ఇంకొకళ్ళు పోకూడదు."

"మీ నాన్న నేర్పాడా ఇదంతా?"

"నాన్నకి రైలు గేటు దగ్గరే డ్యూటీ. బడికి పోని రోజున నేను బండ్లొచ్చే గంటల మోత వింటూ కూర్చునేదాన్ని," అంది డోరీన్. సూదులు చకచకా కదిలాయి.

ఆర్నెస్ వచ్చింది. ఇదివరకు ఇక్కడ ప్రతి బండీ ఆగేది. కేబిన్ కిటికీ కింద ఇంజను నిలబడితే హెడ్లీ పైనించి వంగి టోకెన్ అందించి, "చదువు" అనేవాడు. డ్రైవరు పైకి చదవాలి. బొగ్గు వేసేవాడు మళ్ళీ చదవాలి. అప్పుడు సిగ్నల్ పడేది. ఇప్పుడు బండి నెమ్మదించింది తప్ప ఆగలేదు. ప్లాట్‌ఫారం ఆ చివర డంకన్ అనే భారీ మనిషి చెక్కపీట ఎక్కి నిలబడ్డాడు. పైకెత్తిన చేతిలో పిల్లల సైకిలు చక్రమంత ఇనుప రింగు, దానికి వేలాడే తోలు సంచీ, అందులో టోకెన్. డ్రైవరు స్లేటర్ ఇంజనులోంచి ఒంగి, ఒక చేత్తో పాత రింగు వదిలేసి, రెండో చెయ్యి కొత్త రింగులోకి దూర్చాడు. ఇనుము ఎముకకి తగిలిన చప్పుడు డోరీన్ పెట్టెలోకి వినపడింది. తాడు కట్టి ఆపిన కెమెరాల గుంపు ఒక్కసారిగా కేకలేసింది.

డంకన్ నవ్వుతూనే ఉన్నాడు. కానీ మోచెయ్యి పొట్టకి అదుముకున్నాడు. బండి దాటిపోతుంటే ఆవిడకి వాడి ముఖం దగ్గరగా కనిపించింది. పళ్ళు నవ్వుతున్నాయి, కళ్ళలో నీళ్ళు.

"సర్కస్ బాగుంది," అంది ఐరీస్.

డోరీన్ బండి మలుపు తిరిగేదాకా కేబిన్ కిటికీ వైపే చూసింది. అందులో ఎవరో కొత్త మనిషి తలొంచుకుని ఉన్నాడు. బండి వంక చూడనైనా లేదు.

*

శనివారం మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. డోరీన్ బెల్లప్పాకం, అల్లం కలిపి చేసుకొచ్చిన కేకు రెండు ముక్కలు కాగితంలో చుట్టి, ఐరీస్‌ని స్టేషన్లో టీ దగ్గర వదిలి, పొలంలోకి నడిచింది. కాళ్ళు తీసుకెళ్ళాయి గానీ ఏం చెప్పాలో ఆవిడకి తెలియదు.

హెడ్లీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"కూర్చోండమ్మాయ్. కుర్చీలు మా దగ్గర ఇలాంటివే." ఇంకో బకెట్ చూపించాడు. కేకు కొరికి కళ్ళు మూసుకున్నాడు. "మా అమ్మ చేసేది ఇలా. పళ్ళకి అతుక్కునేలా."

"అంత గొడవ ఏం జరిగిందండీ?" అని ఎట్టకేలకు అడిగింది డోరీన్.

"గొడవేం లేదు. పోయినేడు ఆదివారం స్లేటర్ చదవనన్నాడు. ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నా, నాకు అక్షరాలు నేర్పుతావా అన్నాడు. చదివేదాకా సిగ్నల్ ఇవ్వనన్నాను. వాడు మొండి, నేను అంతకంటే మొండి. ఫాసెట్ గారు ఫోన్ మీద ఫోన్. చివరికి చదివాడు. అంతే." టీ ఊదుకుని తాగాడు. "తర్వాత కార్డులొచ్చాయి. గాలా చూసుకునేది ఫాసెట్ గారే కదా, కమిటీ ముందు చదివి వినిపించి, నా చేతికిచ్చాడు. ఒకటైతే నాకు కంఠతా వచ్చేసింది. వినండి. 'కేబిన్లో ఉన్న మొండి ముసలాయన తన పెత్తనం చూపించుకోవడానికి బండిని పదకొండు నిమిషాలు నిలబెట్టేశాడు. మేం ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన రెండింజన్ల బండి మేం చేరేలోపు వెళ్ళిపోయింది. ఇలాంటి మనిషిని అక్కడ కూర్చోబెట్టడం వచ్చినవాళ్ళని అవమానించడమే.'"

ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. ఆ మాటలు రాసినప్పుడు వంటింటి బల్ల మీద క్లిఫర్డ్ మాత్రల డబ్బా ఉంది. ఇంకో గాలా ఆయన చూడడని డాక్టరు చెప్పి అప్పటికి వారం. ఆ బండి ఒక్కటి చూపించలేకపోయానన్న కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక ఆవిడ కార్డు మీద పెట్టింది.

"నిమిషాలు లెక్కెట్టి మరీ రాశారు," అన్నాడు హెడ్లీ. "పదకొండే. అబద్ధం లేదు. దస్తూరీ మాత్రం ముచ్చటగా ఉందమ్మాయ్. అక్షరాలన్నీ ఎడంపక్కకి వాలి, గాలికి గడ్డి ఒంగినట్టు. పేరు పెట్టుంటే వెళ్ళి చెప్పేవాణ్ణి, ఎందుకు ఆపానో. అడిగితే ఎవరికైనా చెప్తాను కదా."

డోరీన్ ఎడమచేతిని కోటు జేబులోకి దూర్చుకుంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఒక కారు వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. హెడ్లీ మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

"ఒక్కటి," అన్నాడు పోతూ పోతూ. "ఆ రింగులు రెండూ ఒకలాగే ఉంటాయి. నా చూపు మందగించాక హాలిన్‌హెడ్ రింగుకి ఆకుపచ్చ టేపు చుట్టాను. ఆర్నెస్ దాటాక డ్రైవరు దగ్గర పచ్చ టేపు కనిపిస్తే మీరు నిశ్చింతగా అల్లుకోవచ్చు."

రెండింటికి బయల్దేరే బండిలో ఆవిడ, ఐరీస్ ఆర్నెస్ దాకా వెళ్ళి దిగారు. ప్లాట్‌ఫారం మీద ఫాసెట్ ఒక బెంచీ మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య ఇనుప రింగు పెట్టుకుని, చాకుతో ఏదో గీకుతున్నాడు. పూర్వకాలపు స్టేషను మాస్టరు వేషం, వెండి గొలుసు గడియారం. ఆయన పాలిష్ బూట్ల పక్కన ఆకుపచ్చ టేపు పేలికలు పాము కుబుసంలా పడి ఉన్నాయి.

"అదెందుకండీ తీస్తున్నారు?" అంది డోరీన్.

"ప్లాస్టిక్ అమ్మా! ఆ కాలంలో ప్లాస్టిక్ టేపు ఎక్కడిది? ఫొటోలో మొత్తం అందమంతా పోతోందని కెమెరాల వాళ్ళు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు."

"హెడ్లీ గారు గుర్తు కోసం చుట్టుకున్నారది. రెండూ కలిసిపోకుండా."

"హెడ్లీ గారికి చాలా గుర్తులుండేవి లెండి." ఫాసెట్ తల ఎత్తి చక్కగా నవ్వాడు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. "మీకేదైనా అభిప్రాయం ఉంటే కార్డు మీద రాసి డబ్బాలో వేయండమ్మా. మేం ప్రతి ఒక్కటీ చదువుతాం."

చాకు ఇనుము మీద కీచుమంటూ జారింది. ఐరీస్ డోరీన్ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "పోనీవే వదినా. మనకెందుకు? రొట్టె చల్లారిపోతోంది."

*

ఆదివారం పొద్దున్నకి పొగమంచు లోయంతా నిండిపోయింది. స్టేషన్లో పది అడుగుల అవతల ఇంజను కనిపించదు, ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఇంట్లో ఉండిపోదామంది డోరీన్. మూడు రోజుల టిక్కెట్టు కొని రెండు రోజులే తిరిగితే అన్నయ్య పైనించి తిడతాడంది ఐరీస్. పోయినేడు తప్పిపోయిన రెండింజన్ల బండి ఈ సాయంత్రం హాలిన్‌హెడ్ నుంచి బయల్దేరుతుంది. క్లిఫర్డ్ చూడనిది తాను చూసి ఏం చేస్తుందో డోరీన్‌కి తెలియదు. అయినా అదే మొదటి పెట్టెలో, అదే కిటికీ పక్క కూర్చుంది.

పెట్టెలో వీళ్ళ ఎదురుగా ఒక కెమెరా ఆయన, ఆయన భార్య, వాళ్ళ మధ్య శాండ్‌విచ్‌ల డబ్బా. వెనక పెట్టెల్లో ఎవరో పాట మొదలెట్టారు. రైలు నిండా మనుషులే, మూడొందల మంది పైమాటే.

"ఇదిగో, ప్రోగ్రాంలో ఉంది," అని ఐరీస్ చదివింది. "మనం హాలిన్‌హెడ్ చేరాక అక్కడున్న నల్ల ఇంజను బండి ఇటు బయల్దేరుతుందట."

"చేరాకే," అంది డోరీన్.

"చేరాకే అన్నాగా."

ఆర్నెస్‌లో పొగమంచు మరీ చిక్కగా ఉంది. కేబిన్ ప్లాట్‌ఫారం ఈ చివర, డంకన్ నిలబడే చెక్కపీట ఆ చివర. కేబిన్ నుంచి చూస్తే డంకన్ కాదు కదా, ప్లాట్‌ఫారం సగం కూడా కనిపించదు. బండి నెమ్మదిగా సాగింది. డంకన్ చెయ్యి మంచులోంచి పైకి లేచింది. స్లేటర్ పాత రింగు ఇచ్చాడు, కొత్త రింగు అందుకున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టిన డోరీన్‌కి అంతా కనిపించింది. స్లేటర్ సంచీలోంచి టోకెన్ సగం పైకి లాగి, చూసి, మళ్ళీ లోపలికి తోశాడు. చదివాడు. పైకి కాదు, చూపుతోనే. అదీ నయమే అనుకుంది.

బండి ఆగింది. లౌడ్‌స్పీకర్లోంచి ఫాసెట్ గొంతు మోగింది: "మిత్రులారా! మంచులో ఫొటో సరిగా రాలేదట. మీ కోసం, మీ ఒక్కరి కోసమే, బండి వెనక్కి పోయి మళ్ళీ వస్తుంది!"

కేరింతలు. కెమెరా ఆయన భార్య కూడా చప్పట్లు కొట్టింది. బండి కీచుమంటూ వెనక్కి, ప్లాట్‌ఫారం పొడుగునా, కేబిన్ దాటేదాకా జరిగింది. డోరీన్ వేళ్ళు సూదుల మీదే ఉన్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందకి. స్లేటర్ భుజానికి కొత్త రింగు అలాగే వేలాడుతోంది. డంకన్ దగ్గర పాతది. వెనక్కి పోయేటప్పుడు ఒకళ్ళదొకళ్ళు ఇచ్చేసుకోవాలి కదా అనుకుంది ఆవిడ. ఇచ్చుకుంటారు. ఇప్పుడు ఇచ్చుకుంటారు.

బండి ముందుకి కదిలింది. చెయ్యి లేచింది, చెయ్యి వంగింది, రింగులు రెండూ గాల్లో ఒకదాన్నొకటి దాటాయి. ఈసారి చప్పుడు కాలేదు. నున్నగా, అందంగా జరిగిపోయింది. జనం హోరెత్తించారు. స్లేటర్ రింగుని కొక్కేనికి తగిలించి, కెమెరాలకి చెయ్యి ఊపి, బండి వేగం పెంచాడు. ఈసారి సంచీలో చెయ్యి పెట్టలేదు. ఇందాకే చదివాడు కదా.

ప్లాట్‌ఫారం మంచులో కలిసిపోయింది.

"ఐరీస్," అంది డోరీన్. "వెనక్కి పోయేటప్పుడు మార్చుకున్నారా?"

"ఏవిటి మార్చుకోవడం?"

"రింగులు."

"నాకేం తెలుసే. నేను శాండ్‌విచ్ చూస్తున్నా."

డోరీన్ అల్లిక ఒళ్ళో పెట్టేసింది. మొదటిసారి కొత్తది లోపలికొచ్చింది. రెండోసారి ఆ కొత్తదే బయటికి పోయింది. అంటే పాతది మళ్ళీ లోపలికొచ్చింది. ఒకవేళ మంచులో తను చూడని చోట మార్చుకున్నారేమో. చివరి క్షణంలో ఎవరైనా చూసుకున్నారేమో. పచ్చ టేపు ఉంటే ఒక్క చూపుతో తేలిపోయేది. తల బయటపెట్టి చూస్తే కొక్కేనికి రింగు ఊగుతోంది, నల్లగా, అన్ని రింగుల్లాగే.

"బండి ఆపాలి," అంది.

"ఏవిటీ?"

"వీళ్ళ దగ్గరున్నది తప్పు టోకెన్ అని నా అనుమానం."

కెమెరా ఆయన నవ్వాడు. "అమ్మా, వాళ్ళకి తెలీదా? ఏళ్ళ తరబడి ఇదే పని వాళ్ళది."

"తెలుసు. అందుకే చూసుకోరు," అంది డోరీన్.

కిటికీ పైన ఎర్రగొలుసు. కారణం లేకుండా లాగితే జరిమానా అని కింద రాసుంది. బండి లయ అందుకుంది. పట్టాల కీలు మీద చక్రాలు టకటకా, టకటకా. బయట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడ వెనక ఏముందో ఎవరూ చూడలేరు, స్లేటర్ కూడా. డోరీన్ మళ్ళీ గొలుసు వంక చూసింది. తనది పొరపాటైతే? ఊరంతా నవ్వుతుంది. మొగుడు పోయాక మతి చెడిందంటారు. మళ్ళీ బండి ఆలస్యం, ఈసారి తన మూలంగా. పోయినేడు తను కోప్పడింది ఆగినందుకు.

లేచి నిలబడింది.

"వదినా, కూర్చో. నలుగురూ చూస్తున్నారు."

డోరీన్ రెండు చేతులతో గొలుసు పట్టుకుని వేలాడింది.

బండి మూలిగింది. శాండ్‌విచ్‌ల డబ్బా ఎగిరిపడింది. ఎవరో కెవ్వుమన్నారు. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, ఈడ్చుకుంటూ, చివరికి ఆగిపోయాయి. ఆ తర్వాత ఇంజను బుస తప్ప ఏమీ లేదు.

వెనక పెట్టెలోంచి గార్డు మార్జరీ పట్టాల పక్క రాళ్ళ మీద పరుగెత్తుకొచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి, ఒకప్పుడు నర్సు. ముందు నుంచి స్లేటర్ దిగొచ్చాడు, మొహమంతా మసి, కళ్ళు మాత్రం ఎర్రగా.

"ఎవరు లాగింది?"

"నేను," అంది డోరీన్ కిటికీలోంచి.

"ఏమొచ్చిందమ్మా మీకు? ఒంట్లో బాలేదా?"

"టోకెన్ మీద పేరు చదవండి."

స్లేటర్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెడ నరాలు బిగిశాయి. "ఓహో! ఆ పొలంలో ఆయన పంపాడా మిమ్మల్ని? నేను చదివానమ్మా. నా కళ్ళతో చదివాను."

"మొదటిసారి చదివారు. రెండోసారి చదవలేదు. ఇప్పుడు చదవండి. పైకి."

"మార్జరీ, ఈవిణ్ణి..."

"ఒకసారి చదివెయ్యి స్లేటర్," అంది మార్జరీ. "ఏం పోయింది?"

స్లేటర్ విసురుగా ఇంజను దగ్గరికి నడిచాడు. రింగు తీసుకుని, సంచీ బొత్తం ఊడదీసి, ఇత్తడి కడ్డీ బయటికి లాగుతూ తిరిగొచ్చాడు. నోరు తెరిచి చదవబోయి ఆగాడు. బొటనవేలితో అక్షరాల మీద మసి తుడిచి మళ్ళీ చూశాడు.

"చదవండి," అంది డోరీన్, నెమ్మదిగా.

"కెల్‌బెక్," అన్నాడు స్లేటర్. "కెల్‌బెక్, ఆర్నెస్."

అది వాళ్ళు దాటొచ్చేసిన ముక్క.

మార్జరీ ముందు తేరుకుంది. ఇంజనులోంచి, చక్రం కింద పేలి డ్రైవర్ని హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే టపాకాయల డబ్బా లాక్కుని, ఎర్రజెండా చంకన పెట్టుకుని, హాలిన్‌హెడ్ వైపు మంచులోకి పరుగెత్తింది. రాళ్ళ మీద ఆవిడ బూట్ల చప్పుడు కాసేపు వినపడింది, తర్వాత అదీ లేదు. స్లేటర్ విజిల్ తాడు పట్టుకుని లాగాడు. ఆపాడు. మళ్ళీ లాగాడు. అందరూ దిగి వెనక్కి నడవమని ఎవరైనా చెప్పాలి. చెప్పాల్సినవాడు తాడు పట్టుకుని ఉన్నాడు. డోరీన్ తలుపు తెరిచి, ఐరీస్ చెయ్యి పట్టుకుని కిందకి దించింది. "దిగండి," అంది కెమెరా ఆయనతో, ఆయన భార్యతో. "డబ్బా వదిలెయ్యండి." పక్క పెట్టె తలుపు కొట్టింది. దాని పక్కది కొట్టింది. కొందరు దిగారు. కొందరు కిటికీలోంచి, ఎందుకు, ఏమైంది, టీ ఇస్తారా అన్నారు.

అప్పుడు మంచులో దూరంగా ఢామ్మని పేలింది. ఇంకోటి. ఇంకోటి.

తర్వాత బ్రేకుల అరుపు. ఎంతసేపటికీ ఆగని అరుపు. డోరీన్ గట్టు మీద గడ్డిలో ఐరీస్‌ని తన వెనక్కి తోసుకుని నిలబడింది. తెల్లటి గోడలో ఒక పసుపు మచ్చ పుట్టింది, రెండైంది, వాటి వెనక నల్లటి గుండ్రటి మొహం ఒకటి మెల్లగా, మెల్లగా పెద్దదవుతూ వచ్చింది. వచ్చి ఆగింది. రెండింజన్ల మధ్య ఒక ఇంటి పెరడంత చోటు మిగిలింది. ఆ చోటులో మార్జరీ ఎర్రజెండా రెండు చేతులతో పట్టుకుని, టోపీ లేకుండా నిలబడి ఉంది.

వెనక పెట్టెల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి.

"ఎదురెదురుగా! రెండూ ఎదురెదురుగా!" అని ఎవరో కేకేశాడు. "ఇది ప్రోగ్రాంలో లేనే లేదే!" కెమెరాలు టకటకలాడాయి. నల్ల ఇంజను బండి కిటికీల్లోంచి కూడా జనం చేతులు ఊపుతున్నారు. స్లేటర్ పట్టా పక్కన కూలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అదీ ఎవరో ఫొటో తీశారు.

ఐరీస్ డోరీన్ కోటు వెనక భాగం గుప్పిట్లో పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

*

నాలుగున్నరకి అందరినీ నడిపించి, బస్సులెక్కించి, కెల్‌బెక్ చేర్చారు. కేబిన్‌లో కొత్తాయన ఏం చేశాడో ఐరీస్ టీ దుకాణంలో విని వచ్చి చెప్పింది. బండి వెనక్కి రావడం చూశాడట. డంకన్ తెచ్చిచ్చిన సంచీలో హాలిన్‌హెడ్ టోకెన్ ఉందట. టోకెన్ తిరిగొచ్చింది కాబట్టి బండిని ప్లాట్‌ఫారంలోనే ఆపేశారనుకుని, మిషన్లో పెట్టి, నల్ల ఇంజనుకి దారి ఇచ్చేశాడట. "ఎవరూ తప్పు చెయ్యలేదంటున్నారు వదినా," అంది ఐరీస్. ఆవిడ గొంతులో వెటకారం ఎప్పటిలా లేచి, సగంలో ఆగిపోయింది.

స్టేషన్ గేటు దగ్గర ఒకాయన ఫోన్లో గట్టిగా చెబుతున్నాడు: ఎవరో ముసలావిడ గొలుసు లాగిందట, రెండింజన్ల బండి రద్దయిందట, మూడు రోజుల టిక్కెట్టు కొని ఇదా అట.

డోరీన్ చెక్కడబ్బా పక్కనున్న బల్ల దగ్గర కూర్చుంది. కార్డు తీసుకుంది. పేరు, ఇష్టమైతేనే, అని పైన ఉంది. ముందు అదే నింపింది. కింద ప్రశ్నలున్నాయి. సిబ్బంది మర్యాద ఎలా ఉంది. టీ ఎలా ఉంది. అవన్నీ ఖాళీగా వదిలేసింది. ఈ రోజు మీకు అన్నిటికంటే నచ్చింది ఏమిటి, అన్నచోట ఎడమచేత్తో, వాలుగా, ఒకే ఒక్క వాక్యం రాసింది. డబ్బాలో వేయలేదు.

పొలంలో చీకటి పడుతోంది. కార్లు వరసగా వెళ్ళిపోతున్నాయి. గేటు దగ్గర ఫాసెట్, వెండి గొలుసు వేషంలోనే, పాలిష్ బూట్లతో బురదలో నిలబడి హెడ్లీతో ఏదో చెబుతున్నాడు. తల ఎత్తడం లేదు. హెడ్లీ వింటూనే ఎర్ర కర్రతో కార్లకి దారి చూపిస్తున్నాడు. ఫాసెట్ వెళ్ళిపోయేదాకా డోరీన్ ఆగింది. తర్వాత దగ్గరికి పోయి కార్డు అందించింది.

"డబ్బాలో వెయ్యాలమ్మాయ్ ఇది."

"మీకే రాశాను."

హెడ్లీ టార్చి వెలిగించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. రాసింది రెండే మాటలు: 'రైలు ఆగింది.' వాటిని చదవడానికి అంతసేపు పట్టదు. కానీ టార్చి వెలుతురు కార్డు మీద కదలకుండా నిలిచిపోయింది. ఎడంపక్కకి వాలిన అక్షరాల మీద. పైనున్న పేరు మీద. మళ్ళీ అక్షరాల మీద.

డోరీన్ తల దించుకుంది. ఒక కారు ఆగి హారన్ కొట్టింది. ఇంకో కారు కొట్టింది. హెడ్లీ కర్ర ఎత్తలేదు.

చివరికి కార్డు మడిచి, కోటు లోపలి జేబులో, చొక్కాకి ఆనేలా పెట్టుకున్నాడు. టార్చి ఆర్పాడు.

"మళ్ళీ కేబిన్ ఎక్కమంటున్నాడు ఫాసెట్," అన్నాడు. "వచ్చే ఏడు బండి ఆలస్యమవుతుందమ్మాయ్. తెలిసే రండి."

ఎర్ర కర్ర పైకెత్తి, ఆగిన కార్లని ఒక్కొక్కటిగా వదలడం మొదలెట్టాడు.